కచ్చా కుట్టు

ఇనుప వల వద్దన్నాడు పూర్ణా మార్కెట్టు కొట్టతను.
"సముద్రం గాలి, తల్లీ. ఏడాది తిరక్కుండా తుప్పు తినేస్తాది.
ఈ ఆకుపచ్చ ప్లాస్టిక్‌ది తీసుకో. పదిహేను గజాలు, ఎనిమిది ఊచలు.
పొద్దున్న పాతుకో, సాయంత్రం చుట్టుకో."

జ్ఞానాపురంలో మా వాటా వెనక
రెండొందల గజాల ఖాళీ జాగా.
జాగా సుందరరావు గారిది,
గడ్డి ఎవరిదీ కాదు.
ఒకటే షరతు పెట్టారాయన:
శాశ్వతంగా ఏదీ పాతకూడదు.

నేను బట్టలు కుట్టేదాన్ని, ఆ మాట నాకు కొత్తా?
ముందు కచ్చా కుట్టు వేస్తాం,
ఒంటికి సరిపోయిందో లేదో చూస్తాం,
ఆనక దారం లాగేస్తాం.
అలాగే నేలకీ ఒకటి వేశాను.

నాలుగు పెట్టలు, ఒక పుంజు.
నిన్న తుమ్మ మొద్దు దగ్గర, ఇవాళ గోడ నీడన.
కంచె లేచిపోయిన చోట
గీరిన మట్టి, రెట్ట, రెండు ఈకలు.
వానలు పడ్డాక అక్కడే తోటకూర,
పోర్టు బొగ్గు నుసి పట్టి.
మూడు నీళ్ళు మారిస్తే గాని
ఆకు పచ్చనని తెలీదు.

కంచె అంటే ఆపేది అనుకునేదాన్ని.
కాదు. ఆలస్యం చేసేది.
కుక్క మూతి పెట్టి, వెనక్కి తీసి,
మళ్ళీ పెట్టే లోపల
నేను మిషను మీంచి లేచి పరిగెత్తాలి.
గద్దకి ఆ ఆలస్యం కూడా లేదు,
దానికోసం పైన పాత చీర.

పెళ్ళి జాకెట్లు పదకొండు మీద పడ్డ రోజు
కోళ్ళని గంప కింద పెట్టాను గాని
వల చుట్టడం మరిచాను.
తెల్లారి చూస్తే అందులో జెర్రిపోతు.
ముందుకి పోలేక, వెనక్కి రాలేక,
పొలుసుల మధ్యకి పచ్చ గీతలు దిగి.
వీధి వీధంతా కర్రలతో వచ్చింది.
"విషం లేదర్రా దానికి!" అంటున్నాడు మైకేలు,
అందరికంటే దూరంగా నిలబడి.

కత్తెర తెచ్చాను.
పిల్లలు కాగితం కోశారని
వీపులు వాయించిన కత్తెర అది.
వల కళ్ళు ఒక్కొక్కటే తెంపాను. ఇరవై మూడు.
పాము కాసేపు అలాగే ఉంది,
ఇంకా పట్టి ఉందనుకుందో ఏమో.
తర్వాత మురుక్కాలవ వైపు వెళ్ళింది,
తొందరేమీ లేకుండా.

ఆ చిరుగు నా సూదికి లొంగలేదు.
చేపలమ్మే తౌడమ్మ బుట్ట దించి చూసి
"ఇలా ఇయ్యి, మా అయ్య సేస్తాడు" అని పట్టుకుపోయింది.
మర్నాడు తెచ్చింది: నీలం నైలాను తాడు,
ఏ ముడికా ముడి బిగించి.
కళ్ళు మాత్రం పెద్దవి.
"కానాగంతల వల అలవాటు ఆడికి.
సేతులు అలాగే ఎల్లిపోతాయి."
రెండు గుడ్లిస్తే ఒకటి తిరిగిచ్చేసింది.

పోయిన నెల మేస్త్రి టేపు పట్టి
జాగా నిండా ముగ్గు గీతలు గీశాడు.
పది నిమిషాల్లో చుట్టేశాను, మాటంటే మాటే.
పెట్టలు తౌడమ్మ వాకిట్లో ఉన్నాయి.
పుంజు సంగతి అడక్కండి.

వల ఇప్పుడు మేడ మీద,
పై వాటా ఎస్తేరు కూతురు పాకడం మొదలెట్టిందని
మెట్ల మొదట్లో కట్టాం, చీర పేలికలతో.
"ఎన్నాళ్ళు కావాలే?" అన్నాను.
"దిగడం వచ్చేదాకా, పిన్నీ."

మిషను ఆపి తలెత్తితే
నీలం కన్నులోంచి ఒక చెయ్యి.
పచ్చ కళ్ళలో వేళ్ళే పడతాయి,
మోచెయ్యి దాకా వచ్చేది ఇక్కడొక్కచోటే.
ఆ ముసలాయనకి ఈ సంగతి తెలీదు.
పిల్ల నవ్వుతుంది, పిడికిలి మూసి, తెరిచి.

కత్తెర మాత్రం
దగ్గరగానే పెట్టుకుంటున్నాను.